లోకల్‌మాడ్‌కాన్ఫిగ్: చాలాకాలం వాడిన తర్వాత

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను సొంతంగా కంపైల్ చేసుకునేవారికి, అంటే సోర్స్ కోడ్ నుంచి తయారుచేసుకునేవారికి, లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌ను పరిచయం చేయనక్కరలేదు; మిగతావారికి ఒక్క మాటలో చెప్పాలంటే, మెషీన్ ఆ సమయంలో వాడుతున్న భాగాలకే కెర్నెల్‌ను కుదించే సదుపాయం ఇది. 2009లో 2.6.32 కెర్నెల్‌తో వచ్చిన ఈ సదుపాయాన్ని స్టీవెన్ రోస్టెడ్ట్ రాశారు, ఆయనకు నేను చాలా రుణపడి ఉన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను గానీ, దాన్ని మునుపటి అంత గట్టిగా చెప్పలేకపోవడానికి కారణమైన ఒక సంఘటనను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

హనుమకొండలోని మా డీటీపీ దుకాణంలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు తయారయ్యే పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ రకం నడుస్తుంది. దాని టచ్‌ప్యాడ్ కుదురుగా పనిచేయాలంటే కెర్నెల్ కోడ్‌లో ఒక చిన్న ప్యాచ్ (సవరణ) తప్పనిసరి, అందువల్ల కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా కంపైల్ చేయక తప్పదు. డెబియన్ ఇచ్చే కాన్ఫిగ్‌లో, అంటే కెర్నెల్‌లో ఏవేవి ఉండాలో చెప్పే ఫైలులో, వేల మాడ్యూళ్లు (అవసరమైనప్పుడు లోడయ్యే డ్రైవర్ల వంటి ముక్కలు) ఉంటాయి కాబట్టి రెండు కోర్ల ప్రాసెసర్ మీద ఆ పని రాత్రంతా సాగుతుంది; ఎండాకాలంలో మా దగ్గర కరెంటు ఏ వేళ పోతుందో చెప్పలేము, ల్యాప్‌టాప్ బ్యాటరీకి ప్రాణం పోయి చాలా రోజులైంది. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఆ క్షణంలో ఎల్‌ఎస్‌మాడ్ కమాండ్ లోడై ఉన్నట్టు చూపించే మాడ్యూళ్లను మాత్రం ఉంచి మిగిలిన మాడ్యూళ్లను కాన్ఫిగ్ నుంచి తీసివేస్తుంది. దానితో రాత్రంతా సాగే పని గంటన్నరకు దిగింది, నా ఇష్టమంతా ఈ ఒక్క గుణం మీదే.

దెబ్బ తగిలింది పాత హార్డ్‌డిస్కును మార్చిన రోజున. అది సాటా రకం డిస్కు, దాని స్థానంలో వేరే డ్రైవర్ అవసరమయ్యే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ పెట్టించాను. రిపేరు దుకాణంలోని కుర్రవాడు పాత డిస్కులోని సమాచారాన్ని యథాతథంగా క్లోన్ చేసి, పాతదాన్ని విప్పి పక్కన పెట్టాడు. ఆన్ చేయగానే, ఏ కెర్నెల్‌తో బూట్ చేయాలో ఎంచుకునే గ్రబ్ మెనూ చక్కగా వచ్చింది, కెర్నెల్ లోడ్ అవుతున్నట్టు కనిపించింది, తర్వాత అర నిమిషం దాకా కదలిక లేదు. చివరికి రూట్ ఫైల్ సిస్టమ్ ఉన్న పరికరం కోసం ఎదురుచూసి విసిగిపోయానని, ఫలానా యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) లేనే లేదని చెప్పి, అసలు డిస్కు దొరికేలోపు మెమరీలో నడిచే చిన్న తాత్కాలిక వ్యవస్థ అయిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర వదిలేసింది.

"ఎస్‌ఎస్‌డీ ఖరాబున్నదన్నా, వాపస్ ఇచ్చేద్దాం" అన్నాడు కుర్రవాడు.

"గ్రబ్ మెనూ దాంట్లకెల్లే వచ్చింది కద తమ్మీ, డిస్కు ఖరాబైతే అదెట్ల వస్తది?" అన్నాను.

ఈ రకమైన బూట్ సమస్యలో చాలామంది దారి తప్పేది ఇక్కడే. గ్రబ్ డిస్కును చదివేది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ సాయంతో. కెర్నెల్ మాత్రం పగ్గాలు చేతికి రాగానే అదే డిస్కును తన సొంత డ్రైవర్‌తో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఆ ప్రాంప్ట్ దగ్గర, కెర్నెల్‌కు తెలిసిన డిస్కుల జాబితా ఉండే ప్రాక్ డైరెక్టరీలోని పార్టిషన్స్ ఫైలును క్యాట్ కమాండ్‌తో తెరిచి చూస్తే ఒక్క వరుస కూడా లేదు. గ్రబ్‌లో ఇంగ్లిష్ e అక్షరం నొక్కి రూట్‌డిలే (డిస్కు కోసం ఆగే సమయం) పెంచమని కుర్రవాడు ఎక్కడో చదివి చెప్పాడు గానీ, డ్రైవరే లేనప్పుడు ఎంతసేపు ఆగినా డిస్కు ప్రత్యక్షం కాదు. సిస్ డైరెక్టరీ కింద, మదర్‌బోర్డుకు పరికరాలను కలిపే పీసీఐ బస్ మీది పరికరాల జాబితాలో క్లాస్ అనే ఫైళ్లను వరుసగా తెరిచినప్పుడు వాటిలో ఒకదానిలో 010802 అనే సంఖ్య కనిపించింది. అది ఎన్‌వీఎంఈ కంట్రోలర్‌కు కేటాయించిన సంఖ్య. అంటే పరికరం పీసీఐ బస్ మీద క్షేమంగా ఉంది, దాన్ని పలకరించే మాడ్యూలే నా కెర్నెల్‌లో లేదు. కాన్ఫిగ్ తయారైన రోజున ల్యాప్‌టాప్‌లో ఉన్నది సాటా డిస్కు మాత్రమే కాబట్టి ఎన్‌వీఎంఈ మాడ్యూల్ లోడ్ కాలేదు, లోడ్ కాని మాడ్యూల్‌ను లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ మామూలుగానే ఏరిపారేసింది.

గ్రబ్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి డెబియన్ సొంత కెర్నెల్‌ను ఎంచుకోగానే అదే ఎస్‌ఎస్‌డీ నుంచి మెషీన్ లేచి కూర్చుంది. డెబియన్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేసేటప్పుడు మాడ్యూల్స్ అనే అమరిక మామూలుగా మోస్ట్ (చాలావరకు అన్నీ) అని ఉంటుంది, కాబట్టి అప్పటికి మెషీన్‌లో లేని డిస్కు డ్రైవర్లు కూడా అందులో చేరతాయి. దాన్ని డెప్ (ఆ మెషీన్‌కు కావలసినవి మాత్రమే) అని మార్చి ఉంటే ఈ దారి కూడా మూసుకుపోయేది.

ఇదే కుటుంబానికి చెందిన మరో సమస్య తర్వాత ఒకసారి ఎదురైంది. కెర్నెల్ ముందుకు సాగలేక ఆగిపోతూ చూపించే ప్యానిక్ సందేశం చివర అన్‌నోన్ బ్లాక్ అని, బ్రాకెట్‌లో సున్నా, సున్నా అని వచ్చింది. ఆ రెండు అంకెలను చదవడం చాలా అవసరం. రెండూ సున్నాలైతే కెర్నెల్‌కు డిస్కే తెలియలేదని అర్థం. 8, 2 వంటివి కనిపిస్తే డిస్కు దొరికింది గానీ అందులోని ఫైల్ సిస్టమ్ అర్థం కాలేదని అనుమానించాలి. రూట్‌ను యూయూఐడీతో ఇచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టే పని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ది, కెర్నెల్ తనంతట తాను పార్ట్‌యూయూఐడీని (పార్టిషన్ గుర్తింపు సంఖ్యను) గుర్తిస్తుంది గానీ యూయూఐడీని గుర్తించదు. నా విషయంలో బూట్ పార్టిషన్ నిండిపోయి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలే తయారు కాలేదు. డీబగ్ సమాచారం తొలగించని మాడ్యూళ్లతో ఆ ఫైలు వందల మెగాబైట్లకు పెరుగుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్ అనే చలరాశికి 1 విలువ ఇస్తే ఆ బరువు చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు నేను లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌ను ఒంటరిగా నడపడం లేదు. ఎల్‌ఎంసీ కీప్ అనే చలరాశిలో ఎన్‌వీఎంఈ, ఏటీఏ (సాటా డిస్కులవి), యూఎస్‌బీ డ్రైవర్ల డైరెక్టరీలను, ఫైల్ సిస్టమ్‌ల డైరెక్టరీని ఇస్తే వాటిని అది ముట్టుకోదు. బ్రాడ్‌బ్యాండ్ ఆగినప్పుడు ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో తగిలించి నెట్ వాడుకోవడం మాకు రోజువారీ అవసరం, కాబట్టి డ్రైవర్స్ నెట్ కింది యూఎస్‌బీ డైరెక్టరీని కూడా చేర్చాను. దీనివల్ల పైన చెప్పిన గంటన్నర ఇప్పుడు రెండు గంటలు దాటుతోంది, ఆ మేరకు నా మొదటి పొగడ్తను తగ్గించి చదువుకోవాలి. మాడ్‌ప్రోబ్డ్‌డీబీ అనే సాధనం ఇంతవరకు లోడైన మాడ్యూళ్లన్నింటినీ రాసిపెట్టి ఆ జాబితాను లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌కు అందిస్తుంది, అది మంచిదే. అయితే ఎన్నడూ తగిలించని పరికరం దాని జాబితాలో కూడా ఉండదు.

ఒకే చోట కదలకుండా ఉండే నా మెషీన్‌కు, ఎప్పుడు పోతుందో తెలియని మా కరెంటుకు ఇది సరిపోతుంది కాబట్టి దీన్ని వదిలిపెట్టే ఆలోచన లేదు. హాస్టల్‌లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌కు రోజుకో పరికరం తగిలించే విద్యార్థి అడిగితే మాత్రం, ప్రాసెసర్ మరీ పాతది కాకపోతే డెబియన్ పూర్తి కాన్ఫిగ్‌తోనే కంపైల్ చేసుకోమని, డెబియన్ కెర్నెల్ ప్యాకేజీని ఏ కారణం చేతనూ తీసివేయవద్దని చెబుతాను.