డిస్లెక్సియా పిల్లలకు చదవడం నేర్పడంపై ప్రాజెక్టు: ఏది మేలు?

డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లలకు చదవడం నేర్పే విషయంలో సొంతంగా ప్రాజెక్టు చేయాలనుకునే విద్యార్థుల ముందు మామూలుగా నాలుగు దారులుంటాయి. ఇప్పటికే వచ్చిన పరిశోధనలు చదివి సమీక్ష రాయడం ఒకటి. రెండు గ్రూపుల పిల్లలను పోల్చడం ఇంకోటి. యాప్ లాంటిదేదైనా తయారుచేయడం మూడోది. ఒకరిద్దరు పిల్లలకు స్వయంగా నేర్పుతూ ఏం జరిగిందో నమోదు చేయడం నాలుగోది. చేతిలో ఒక్క సెమిస్టరే ఉంటే నా ఓటు నాలుగోదానికే.

గ్రూపుల పోలికే అసలైన పరిశోధనలా కనిపిస్తుంది, గైడ్లు కూడా దానివైపే మొగ్గుతారు. కానీ ఈ పిల్లలు అందరూ ఒకేలా ఉండరు. ఒకరికి మాటలోని శబ్దాలు విడదీయడమే రాదు. ఇంకొకరు తప్పుల్లేకుండా చదువుతారు, కానీ నత్తనడక. చిన్న గ్రూపులో సగటు తీస్తే వీళ్ళిద్దరి సంగతీ అందులో కొట్టుకుపోతుంది. పైగా పోలిక కోసమని సాయం కావలసిన పిల్లలను ఏమీ నేర్పకుండా నెలల తరబడి పక్కన కూర్చోబెట్టాలి.

యాప్ సరదాగానే ఉంటుంది, అయితే సమయమంతా బటన్లకే పోతుంది. చదవడానికి సాయపడతాయని చెప్పే రంగు కళ్ళద్దాలు, రంగు షీట్ల జోలికి మాత్రం పోకండి. వాటికి సరైన ఆధారం లేదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2009లోనే కంటి డాక్టర్ల సంఘాలతో కలిసి ప్రకటించింది. ఎక్కువమంది పిల్లల్లో చిక్కు కంటిచూపులో ఉండదు, శబ్దాన్నీ అక్షరాన్నీ జతచేయడంలో ఉంటుంది.

సమీక్షను తక్కువగా చూడొద్దు. పిల్లలతో పనిచేసే అనుమతి దొరక్కపోతే అదే మంచిది. కాకపోతే 'డిస్లెక్సియా, బోధనా పద్ధతులు' లాంటి పేరు పెట్టుకుంటే ఎక్కడా తెగదు. ఒక్క ప్రశ్న పట్టుకోండి. ఉదాహరణకు, 1930ల నాటి ఆర్టన్-గిలింగ్‌హామ్ పద్ధతికి ఎంతో పేరుంది. చూస్తూ, వింటూ, వేలితో రాస్తూ నేర్చుకోవడం దాని ప్రత్యేకత. అయినా 2021లో వచ్చిన ఒక మెటా-విశ్లేషణలో (చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కవేయడం) గణాంకపరంగా గట్టిగా చెప్పగలిగేంత లాభం తేలలేదు. మరోవైపు, అక్షరాలకూ శబ్దాలకూ ఉన్న సంబంధాన్ని ఒక వరుసలో నేర్పితే ఫలితం ఉంటుందని అమెరికాలోని నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లోనే చెప్పింది. ఆర్టన్-గిలింగ్‌హామ్‌లోనూ ఈ వరుస ఉంది. మరి అందులో పనిచేసేది వరుసా, వేలితో రాయడమా? సమీక్షకు ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

ఇక నేర్పే ప్రాజెక్టు. దీనిమీద వచ్చే మొదటి అభ్యంతరం, 'ఒక్క పిల్లవాడితో ఏం రుజువవుతుంది?' అని. ప్లాన్ సరిగ్గా ఉంటే చాలానే రుజువవుతుంది. నేర్పడం ఆపి, వచ్చింది పోతుందేమో చూసే పద్ధతి చదువుకు పనికిరాదు, ఎందుకంటే వచ్చిన అక్షరం వెనక్కి పోదు. అందుకే మల్టిపుల్ బేస్‌లైన్ వాడతారు. మాటలను మూడు సెట్లుగా చేసి, నేర్పకముందే మూడింటినీ కొన్నిసార్లు కొలుస్తారు. తర్వాత మొదటి సెట్ ఒక్కటే నేర్పుతూ మిగతా రెండింటినీ కొలుస్తూనే ఉంటారు. గ్రాఫ్‌లో మొదటిది లేచి మిగతావి కదలకపోతే రెండోది మొదలుపెడతారు, ఆపైన మూడోది. ఏ సెట్ నేర్పినప్పుడు ఆ సెట్టే పెరిగితే అది మీ బోధన వల్లే అని నిలబడి చెప్పొచ్చు. ఒక్కో దశలో కనీసం ఐదు కొలతలుంటే మంచిది. సెట్లలోని మాటలు మరీ ఒకేలా ఉంటే మాత్రం ఒకటి నేర్పగానే ఇంకోటీ పెరిగి లెక్క తప్పుతుంది.

పాఠం చిన్నదిగా ఉండాలి. 'మేక' అంటే రెండక్షరాలు, శబ్దాలు మాత్రం నాలుగు. కాగితం మీద నాలుగు గళ్ళు గీసి, పిల్లవాడు ఒక్కో శబ్దం పలుకుతూ ఒక్కో బిళ్ళను గడిలోకి జరిపితే ఎక్కడ తడబడుతున్నాడో మీ కళ్ళకే కనిపిస్తుంది. ఈ గళ్ళ పద్ధతి సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్‌ది. తప్పు చదివితే ఇంటూ గుర్తు పెట్టి ఊరుకోకండి, ఏం పలికాడో అలాగే రాసుకోండి. 'పలక'ను 'పలుకు' అన్నవాడిది గుణింతం గొడవ, 'కలప' అన్నవాడిది వరుస గొడవ. రేపు ఏం నేర్పాలో అక్కడే తెలుస్తుంది.

నేర్పిన మాటలతోనే పరీక్ష పెడితే బట్టీకే మార్కులు పడతాయి. అవే అక్షరాలతో నేర్పని మాటలు, అర్థంలేని మాటలు కూడా ఇవ్వండి. కొన్ని రికార్డింగులను మరొకరు విడిగా విని మార్కులు వేస్తే మీ పక్షపాతం బయటపడుతుంది.

తల్లిదండ్రుల సంతకం ఎలాగూ తీసుకుంటారు, పిల్లవాడిని కూడా అడగండి. ఇవాళ వద్దంటే వద్దు. పేరు మార్చి రాయండి. డిస్లెక్సియా ఉందో లేదో తేల్చడం మీ పని కాదు.

గ్రాఫ్ లేవకపోతే టెన్షన్ పడి అంకెలు సర్దకండి, ఉన్నదున్నట్టు సమర్పించండి. వాడిన కార్డులూ, ఏ సెట్ ఎంతవరకు వచ్చిందో రాసిన కాగితమూ టీచరుకు ఇచ్చేయండి. మీ వైవా అయిపోయినా ఆ పిల్లవాడికి పాఠం కొనసాగాలి కదా.