24 గంటల బీపీ రికార్డింగ్: నీటికాసులున్నవాళ్లు చేయించుకోదగ్గదే, రిపోర్టుతోనే పేచీ

మా అమ్మకి నీటికాసులు (గ్లకోమా, కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు). చుక్కల మందు టైముకి వేస్తున్నాం, కంటి ప్రెషర్ ఎప్పుడు చూసినా 15 దాటదు, అయినా ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల చూపు ఎంతవరకు ఉందో చూసే పరీక్ష) చేసిన ప్రతిసారీ చూపు ఇంకాస్త తగ్గినట్టే వస్తోంది. కంటి డాక్టర్‌గారు చుక్కలు మార్చే ముందు 24 గంటల బీపీ రికార్డింగ్ చేయించమన్నారు. ఇంటికి దగ్గర్లోని డయాగ్నస్టిక్ సెంటర్‌లో చేయించాం.

కంటికీ బీపీకీ ఏంటి సంబంధం అంటారేమో. కంటి నరానికి రక్తం అందాలంటే కంటి లోపలి ప్రెషర్‌ని తోసుకుని వెళ్లాలి. కింది బీపీ 80, కంటి ప్రెషర్ 15 అయితే తోయడానికి మిగిలేది 65. నిద్రలో బీపీ మామూలుగానే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది, కొందరికి అంతకన్నా బాగా పడిపోతుంది, పైగా పడుకుంటే కంటి ప్రెషర్ కాస్త పెరుగుతుంది కూడా. అమెరికాలో బాల్టిమోర్‌లో చేసిన సర్వేలో ఈ మిగులు 30 కన్నా తక్కువున్నవాళ్లలో ఓపెన్ యాంగిల్ గ్లకోమా (నీటికాసుల్లో ఒక రకం) ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. పగలు క్లినిక్‌లో కుర్చీలో కూర్చోబెట్టి చూసే బీపీలో రాత్రి సంగతి ఎలా తెలుస్తుంది?

మెషిన్ నడుముకి, కఫ్ చేతికి కట్టారు. పగలు అరగంటకోసారి, రాత్రి గంటకోసారి దానంతటదే బిగుసుకుంటుంది, అప్పుడు చెయ్యి కదపకూడదు. అమ్మకి నిద్ర సరిగ్గా పట్టలేదు, అది మాత్రం తప్పదు. టెక్నీషియన్ చాలా ఓపికమంతుడు, అమ్మది సన్నటి చెయ్యని వెతికి మరీ చిన్న కఫ్ తెచ్చాడు (పెద్దది కడితే బీపీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది).

రిపోర్ట్ మాత్రం అస్సలు నచ్చలేదు. సగటు రాసి, నార్మల్ అని ఒక్క పేజీ చేతిలో పెట్టారు. గట్టిగా అడిగితే గానీ రీడింగులన్నీ ఇవ్వలేదు. చూస్తే తెల్లవారుజామున 3 గంటలకి 92/50! కంటి ప్రెషర్ 15 తీసేస్తే మిగిలింది 35, పడుకుని ఉంది కాబట్టి ఇంకా తక్కువే అయ్యుండాలి. అమ్మ బీపీ మాత్ర పడుకునే ముందు వేసుకునేది. కంటి డాక్టర్, బీపీ డాక్టర్ మాట్లాడుకుని దాన్ని పొద్దుటికి మార్చారు. దయచేసి ఎవరూ సొంతంగా మాత్ర మానొద్దు, టైమూ మార్చొద్దు, బీపీ పెరిగితే గుండెకీ మెదడుకీ ప్రమాదం.

డబ్బులకి తగ్గ పరీక్షే. మెషిన్ కట్టించుకునే రోజే రీడింగులన్నీ ప్రింట్ కావాలని చెప్పేయండి, ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, ఎన్నింటికి పడుకున్నారో కాగితం మీద రాసి ఆ ప్రింట్‌తో పాటు కంటి డాక్టర్‌కి ఇవ్వండి.