సిగ్నల్ పోయాక పనికొచ్చినవి: ఆరేళ్ల వాడకం

అహోబిలంలో ఎగువ గుడి దాటి భవనాశిని వాగు వెంట కాసేపు నడిచేసరికి నా ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా పోయాయి. జ్వాలా నరసింహ స్వామి గుడికి వెళ్లే దారి అది. ఒక పక్క నిటారు కొండ, ఇంకో పక్క బండల మధ్య పారే నీళ్లు. అంతవరకు దారి చూపించిన మ్యాపు స్థానంలో తెర మీద బూడిదరంగు గళ్లు మిగిలాయి. చేతి గడియారం ఫోనుతో కలిసి నెట్ కోసం వెతుకుతూ చార్జి తాగేసింది. ఆ పూట భుజాన మోసిన ఖరీదైన సామానులో సగం నాకు బరువు తప్ప ఏమీ ఇవ్వలేదు.

ఇది ఆరేళ్ల కిందటి మాట. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. నెలకో రెండు నెలలకో ఒకసారి అనంతగిరి, భువనగిరి కోట, గండికోట, అహోబిలం అంటూ ఏదో ఒక కొండ దారి పడతాను. ఆ రోజు తర్వాత ఏ యాప్ వేసుకున్నా, ఏ వస్తువు కొన్నా నేను పెట్టే పరీక్ష ఒక్కటే: నెట్ లేని చోట, ఎవరి లాగిన్ అవసరం లేకుండా, ఇది తన పని తాను చేస్తుందా? చెడిపోతే నేనో మా వీధిలోని మనిషో బాగుచేయగలమా? ఆ పరీక్షలో ఆరేళ్లు నిలిచిన వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మ్యాపు. నేను వాడేది ఓస్మ్‌అండ్. 2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండ్‌లో మొదలుపెట్టిన, అందరూ కలిసి గీసే పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం మీద నడిచే యాప్ ఇది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పటాలను ఇంట్లో వైఫై మీద విడివిడిగా దించుకుంటే చాలు, ఆ తర్వాత నెట్‌తో పని లేదు. చాలామంది జీపీఎస్‌కు నెట్ కావాలనుకుంటారు. అక్కర్లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాన్ని ఫోను నేరుగా అందుకుంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మన చోటు లెక్క కడుతుంది. నెట్ ఉంటే మొదటిసారి ఉపగ్రహాలను త్వరగా పట్టుకుంటుంది, అంతే తేడా. అందుకే నేను బస్సు దిగగానే, సిగ్నల్ ఉండగానే ఒకసారి లొకేషన్ చూసుకుని, తర్వాత ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టేస్తాను. నా ఫోను బ్యాటరీ 4500 ఎంఏహెచ్. తెర ఆపి, ఐదు సెకన్లకు ఒక చుక్క చొప్పున నడకను నమోదు చేస్తూ పోతే గంటకు మూడు నాలుగు శాతం ఖర్చవుతుంది. ఫ్లైట్ మోడ్ పెట్టకపోతే లేని టవర్ కోసం వెతకడానికే అంతకు రెట్టింపు పోతుంది.

ఈ యాప్ మొదటి రోజే మచ్చికయ్యేది కాదు. మెనూలు చాలా లోతుగా ఉంటాయి, ఏ గీత ఎందుకుందో తెలియడానికి నాకు రెండు మూడు నడకలు పట్టాయి. కానీ ఒకసారి ఎత్తు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, చదవడం అలవాటైతే ఇక వేరే మ్యాపు చూడబుద్ధి కాదు. గీతలు దూరదూరంగా ఉంటే చదును, ఒకదాని మీద ఒకటి పడినట్టుంటే నిట్టనిలువు. మామూలు మ్యాపు ‘కిలోమీటరు’ అని చెప్పే చోట ఈ గీతలు ‘గంట’ అని చెబుతాయి. స్కాట్లాండ్‌కు చెందిన నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు: ప్రతి ఐదు కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. మన ఎండలో, మన బండల మీద ఆ లెక్కను నేను ఒకటిన్నర రెట్లు చేసుకుంటాను. అహోబిలంలో ఉగ్రస్తంభం శిఖరం ఎక్కినప్పుడు అదీ చాలలేదు.

లోయల్లో ఒక చిక్కు ఉంది. కొండ గోడలకు తగిలి తిరిగివచ్చే సంకేతం వల్ల ఫోను మనం నిలబడిన చోటును పక్కకు జరిపి చూపిస్తుంది. భవనాశిని పక్కన బండ మీద అరగంట కూర్చుని లేచి చూస్తే, నేను ఆ అరగంటా వాగుకు అటూ ఇటూ దూకుతూనే ఉన్నట్టు తెర మీద దారపు ఉండలాంటి చిక్కుముడి గీసి ఉంది. ఇది ఏ యాప్‌కైనా తప్పనిది. కాబట్టి ఆగినప్పుడు నమోదును ఆపండి. లేకపోతే నడవని కిలోమీటర్లు మీ ఖాతాలో పడతాయి. లోయలో పది ఇరవై మీటర్ల తేడాను నమ్మి దారి మళ్లకండి. కాలిబాట కళ్లకు కనిపిస్తుంటే కళ్లనే నమ్మండి.

నాకు ఈ పటం మీద ఇంత ప్రేమ ఎందుకంటే, ఇందులో తప్పుంటే నేను దిద్దగలను. పావన నరసింహ స్వామి గుడికి నడిచే దారిలో ఒక చోట రాతి పగులు నుంచి నీళ్లు ఊరుతున్నాయి. పటంలో అక్కడ ఏమీ లేదు. యాత్రికులకు చేతికర్రలు ఇచ్చే ఒక పెద్దాయనను తిరిగి వచ్చేటప్పుడు అడిగాను.

“దానికి పేరు ఏమిటి పెద్దాయనా?”

“పేరేముంది నాయనా, చెలమ అంటాం. ఎండాకాలంలో కూడా ఎండదు. పైన ఆకులు తీసేసి కింది నీళ్లు ముంచుకోవాలి.”

ఫోనులో ఆ చోటును గుర్తు పెట్టుకున్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని ఊటగా నమోదు చేశాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి స్థలానికీ తెలుగు పేరు రాయడానికి విడిగా ఒక గడి ఉంటుంది. దాన్ని నింపితే, ఫోనులో తెలుగు ఎంచుకున్నవారికి పటం తెలుగులో కనిపిస్తుంది. ఈ గడి ఎంత అవసరమో కొండల్లో తిరిగితేనే అర్థమవుతుంది. మన ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోకి వెళ్లి మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి కోన కాస్తా ‘కొన’ అవుతుంది, దొన ‘దోన’ అవుతుంది, ణకారం, ళకారం ఎగిరిపోతాయి. ఆ లిపిలో ఒకే ఒక ‘ఓ’ అక్షరం మన ఒకారానికీ ఓకారానికీ దిక్కు. లోయకూ చివరకూ తేడా లేని పటం ఎవరికి కావాలి? ఆరేళ్లలో నేను దిద్దిన తెలుగు పేర్లు కొన్ని వందలు ఉంటాయి. నాకు చేతనైనంతలో అక్కడి మనుషులను అడిగి రాశాను. వేరే కంపెనీల మ్యాపులు చూసి ఇందులోకి ఎక్కించకూడదు. అది నియమం, మంచి నియమం. స్వయంగా చూసింది, అడిగి తెలుసుకున్నదే రాయాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పటంలో కాలిబాట గీత ఉన్నంత మాత్రాన అక్కడికి వెళ్లే అనుమతి ఉన్నట్టు కాదు. అహోబిలం ఉన్న నల్లమల పెద్దపులి తిరిగే అడవి. యాత్రికుల దారి వదిలి లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాల్సిందే.

నమోదైన నడకలు, ఫొటోలు ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌లోకి చేర్చడానికి సింక్‌థింగ్ వాడుతున్నాను. మధ్యలో ఎవరి సర్వరులోనూ దాచిపెట్టకుండా రెండు పరికరాలూ నేరుగా మాట్లాడుకుంటాయి. దీని అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024 చివర్లో ఆగిపోయింది. ప్రోగ్రాం మూలం అందరికీ తెరిచి ఉంది కాబట్టి దాని నుంచి పుట్టిన ఇంకో శాఖ కొనసాగుతోంది, నేను అందులోకి మారాను. నా పాత నడకలన్నీ జీపీఎక్స్ అనే, దారిని అక్షరాల్లో రాసిపెట్టే ఫైళ్లుగా భద్రంగా ఉన్నాయి. పదేళ్ల తర్వాత కూడా అవి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరుచుకుంటాయి. ఆ ధీమా నాకు ఎంతో విలువైనది.

ఇక పవర్ బ్యాంకు. డబ్బా మీద రాసిన 10,000 ఎంఏహెచ్ చూసి, నా 4500 ఫోనును రెండుసార్లకు పైగా నింపుతుందని మొదట్లో లెక్క వేసుకునేవాడిని. ఆ అంకె లోపలి సెల్లు 3.7 వోల్టుల దగ్గర చెప్పేది. అంటే 37 వాట్ అవర్లు. ఫోనుకు 5 వోల్టుల దగ్గర ఇచ్చేటప్పుడు అది 7400 అవుతుంది. మార్పిడిలో వేడిగా పోయేది తీసేస్తే చేతికి దక్కేది ఇంచుమించు 6400. నా వాడకంలో ఒక పూర్తి చార్జి, పైన ఇంకో సగం కన్నా తక్కువ వస్తోంది. రెండు రోజుల నడకకు అది చాలు. నేను కొన్న మొదటి పవర్ బ్యాంకు రెండో వేసవిలో అప్పడంలా ఉబ్బింది. ఆ కంపెనీ పేరు అనవసరం. అసలు కారణం, దాన్ని ఎండలో ఆపిన కారులో వదిలేయడం. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జి చేయకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఇప్పుడున్నది నాలుగేళ్లుగా నడుస్తోంది. వాడనప్పుడు దాన్ని సగం చార్జిలో, బీరువాలో నీడ పట్టున ఉంచుతాను.

నుదుటి లైటు విషయంలో నా అభిప్రాయం గట్టిది: పెద్ద అంకెల వెంట పడకండి. వెలుగును కొలిచే లెక్కలో 1000 ల్యూమెన్లు అని రాసి ఉన్నదాన్ని కొని నిరాశపడ్డాను. పది నిమిషాలకే అది వేడెక్కి, తనంతట తానే వెలుగు తగ్గించుకునేది. పైగా లోపల అతికించిన బ్యాటరీ, మార్చే వీలు లేదు. కాలిబాట మీద నడవడానికి 40, 50 ల్యూమెన్లు చాలు. దూరంగా మలుపు వెతకడానికి క్షణంపాటు 200 ఉంటే చాలు. ఇప్పుడు నా దగ్గరున్నది మూడు సన్న సెల్లుల లైటు. అందులో చార్జి చేసుకునే నికెల్ సెల్లులు వేస్తాను. వాడకుండా ఉంచినప్పుడు చార్జి తక్కువగా పోగొట్టుకునే రకం తీసుకుంటే నెలల తర్వాత కూడా చాలావరకు చార్జి నిలిచే ఉంటుంది. అవి అయిపోతే ఏ ఊరి కిరాణా కొట్లోనైనా మామూలు సెల్లులు దొరుకుతాయి. సంచిలో మీట నొక్కుకుని వెలిగిపోకుండా ఒక సెల్లును తిప్పి పెడతాను. ఈ అలవాటు లేని రోజుల్లో ఒకసారి గండికోటలో చీకటి పడ్డాక సంచి తెరిస్తే లైటు అప్పటికే ఆరిపోయి ఉంది.

ఎర్ర వెలుగు ఉన్న లైటే తీసుకోండి. చీకట్లో చూడడానికి సాయపడే కంటి కణాలకు ఎరుపు అంతగా తగలదు. గండికోటలో పెన్నా లోయ అంచుకు కాస్త దూరంగా కూర్చుని, ఎర్ర వెలుగులో టీ పోసుకుని, లైటు ఆపి తల ఎత్తితే నక్షత్రాలు వెంటనే కనిపించాయి. తెల్ల లైటు వేసిన మా తమ్ముడికి కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడడానికి పావుగంట పైనే పట్టింది.

నీటి తట్టుకోలు అంకెల గురించి క్లుప్తంగా: ఐపీఎక్స్4 అంటే చినుకులకు, చిందే నీళ్లకు సరే. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. వానాకాలం అనంతగిరికి మొదటిది చాలు, వాగులు దాటేవారికి రెండోది మేలు.

తెలివైన గడియారాన్ని వదిలేశాను. రోజూ చార్జి అడిగేది, లాగిన్ పోతే పాత లెక్కలు చూపించేది కాదు. రూ.900 పెట్టి కొన్న మామూలు డిజిటల్ గడియారం మూడేళ్లుగా అదే సెల్లు మీద నడుస్తోంది. పొద్దు గుంకేలోపు ఎంత సమయం ఉందో తెలిస్తే కొండ మీద నాకు చాలు.

చివరగా బూట్లు, వీటి మీద నేను అన్నింటికన్నా ఎక్కువ నేర్చుకున్నాను. మొదటి జత పేరున్న కంపెనీదే. కోవిడ్ రోజుల్లో ఏడాదిన్నర పాటు అటక మీద ఉండిపోయాయి. తర్వాత భువనగిరి కోట ఎక్కుతుండగా కుడి బూటు అడుగు ముందు నుంచి ఊడి, అడుగడుక్కీ నోరు తెరిచి టపటపమంది. వేలు పెట్టి చూస్తే మధ్య పొర పాత రొట్టెలా పొడి పొడిగా రాలింది. పాలీయురెథేన్ అనే ఆ పదార్థం గాలిలోని తేమతో మెల్లగా విడిపోతుంది. వాడకుండా దాచినా అది ఆగదు. కాబట్టి ఎక్కువ తగ్గింపు ధరకు వస్తున్నాయని కొట్లో ఏళ్ల తరబడి నిలిచిన బూట్లు కొనకండి. ఆ రోజు లేసుతో అడుగును చుట్టి కట్టి, బండ మీద పట్టు లేక కూర్చుని జారుతూ దిగాను.

రెండో జతను అడుగు కుట్టడానికి వీలున్నదిగా వెతికి కొన్నాను. రెండేళ్ల కిందట అడుగు అరిగితే మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పాత అడుగును కత్తితో పూర్తిగా విడదీసి, గరుకు కాగితంతో రుద్ది, జిగురు రాసి ఆరనిచ్చి, కొత్త రబ్బరు పెట్టి చుట్టూ మైనం పట్టించిన దారంతో కుట్టారు. “జిగురు ఒక్కటే నమ్మొద్దు సార్, కుట్టు ఉంటేనే రాయి మీద నిలుస్తుంది” అన్నారు. రూ.450 తీసుకున్నారు. ఆ అడుగుతోనే రెండుసార్లు అహోబిలం వెళ్లొచ్చాను. మడమ దగ్గర మళ్లీ అరుగుతోంది. వానలు మొదలయ్యేలోపు ఆయనకు ఇచ్చి రావాలి.