డి ప్రొఫండిస్: ఉత్తరాల్లో ఆడే ఆట, ఏళ్ల తరబడి ఆడాక

పాచికలు లేవు, బోర్డు లేదు, కథ నడిపించే గేమ్ మాస్టర్ అక్కర్లేదు. పోలండ్‌కి చెందిన మిహావ్ ఒరాచ్ రాసిన ఈ రోల్‌ప్లేయింగ్ గేమ్ 2001లో పోలిష్‌లో, ఆ మరుసటేడు ఇంగ్లీషులో వచ్చింది. మనం ఒక పాత్ర అయిపోయి ఇంకో పాత్రకి ఉత్తరం రాయాలి, జవాబులో అవతలివాళ్లు ఏం రాస్తే అది మన కథలోనూ జరిగిపోయినట్టే, కాదనడానికి లేదు. ఆటంతా ఇంతే, కానీ నేను ఆడినవాటిలో నన్ను ఇంతగా పట్టుకున్నది ఇంకోటి లేదు.

నేను రాజోలు వైపు, మా బావ నరసాపురంలో, మధ్యలో వశిష్ఠ గోదావరి. కథ 1924లో పెట్టుకున్నాం. అప్పటికింకా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడలేదు కాబట్టి లోపలి కాగితం మీద 'నరసాపురం, కృష్ణా జిల్లా' అని రాస్తాను, కవరు మీద మాత్రం ఇప్పటి అడ్రసు, పిన్‌కోడ్. నాది కాలవలో పడవలు దాటించే లాకు దగ్గర గుమస్తా పాత్ర, బావది సర్వే అమీను. వేసవిలో కాలవలు కట్టేశాక లాకు అడుగున బురద తీయిస్తుంటే కిందికి దిగే మెట్లు బయటపడ్డాయని ఓసారి రాశాను. పాత పటంలో సరిగ్గా ఆ చోట ఒక ఊరు ఉందని, దాని పేరు ఎవరో గీకేశారని బావ జవాబిచ్చాడు. నేను అనుకున్న కథ అక్కడితో నా చెయ్యి దాటిపోయింది.

మా ఉత్తరాలన్నీ 'ఇచ్చట మేమంతా క్షేమం, మీ క్షేమ సమాచారములు తెలుపగలరు' అనే మొదలయ్యేవి. ఒకసారి ఆ వాక్యం లేకుండా వచ్చింది. మొదటి లైనే 'మెట్లు లెక్కపెట్టావా?' అని. కాగితం తిప్పి చూశాను, కవరు లోపల కూడా చూశాను. పైగా మళ్లీ ఉత్తరం వచ్చేదాకా ఏమీ తెలియదు, ఆ టెన్షన్ వారాల తరబడి ఉంటుంది. అందుకే ఫోన్లో ఆట గురించి మాట్లాడకూడదని మేమే ఒక నియమం పెట్టుకున్నాం. పెళ్లిళ్లలో ఒకే బంతిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తాం, ఆ మెట్ల ఊసు మాత్రం ఎత్తం. ఈ నియమం లేకపోతే ఆట నిలబడదనే నా అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. రూల్స్ పుస్తకం కూడా ఉత్తరాల రూపంలోనే ఉంటుంది, చదవడానికి బాగుంటుంది కానీ కావలసిన విషయం వెతుక్కోవాలంటే విసుగొస్తుంది. అమెరికా భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ కథల వాతావరణం మీద కట్టిన ఆట కాబట్టి ఆ అమెరికా ఊళ్లని పక్కనపెట్టి మన కాలవలు, మన తుపాన్లు మనమే తెచ్చుకోవాలి. మూడో మనిషి చేరితే ఎవరికి ఏం తెలుసో గుర్తుంచుకోవడం కష్టం, మా మరదలు చేరాక ప్రతి ఉత్తరానికీ జిరాక్సు తీసి దాచుకోవాల్సి వచ్చింది.

ఒక్కరే ఆడాలనుకునేవాళ్లకి స్కాట్ మాల్ట్‌హౌస్ చేసిన 'క్విల్' ఉంది, అయిదు పేరాల ఉత్తరం రాస్తూ పాచికలేసి మార్కులు లెక్కేసుకోవడం. అదీ బాగానే ఉంటుంది గానీ అందులో జవాబు రాసే మనిషి ఉండడు, నాకు కావలసింది ఆ జవాబే. మొదలుపెట్టేవాళ్లు ఇద్దరే మొదలుపెట్టండి, చేత్తోనే రాయండి, మొదటి ఉత్తరంలో భయపెట్టే సంగతి ఒక్కటి మించి పెట్టకండి, మిగతాదంతా ఇంటి విషయాలతో నింపండి.