బ్రూనోకి తోడు తెచ్చి మూడేళ్ల నాలుగు నెలలైంది

"మా వాడు ఒక్కడే ఉండి దిగులు పెట్టుకుంటున్నాడు, ఇంకో కుక్కపిల్లని తెచ్చేస్తే సరిపోతుందా?" అని మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. మేమూ అచ్చంగా అదే అనుకుని తెచ్చాం. అందుకే ఇన్నాళ్లు చూశాక తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

బ్రూనో మా లాబ్రడార్. అప్పటికి వాడికి నాలుగేళ్లు. మేం విజయవాడ పటమటలో ఒక ఇంటి పై పోర్షన్‌లో ఉంటాం. నేనూ మావారూ తొమ్మిదిన్నరకి తాళం వేసి ఆఫీసులకి వెళ్తే, మా బాబు స్కూలు నుంచి వచ్చేసరికి నాలుగు దాటుతుంది. ఈలోగా వీడు తలుపు గీకడం, ఊళ పెట్టడం. తలుపు కింది భాగంలో రంగంతా లేచిపోయి చెక్క బయటపడింది. కింద ఉండే ఆంటీ చాలా మంచావిడ. ఆరు నెలలు ఓర్చుకుని ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, "కోపం కాదమ్మా, వాడి ఏడుపు వినలేకపోతున్నాను" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే నెలలో మా సందులో ఒక వీధికుక్కని బండి గుద్దేసింది. దాని పిల్లల్లో ఒకటి మిగిలింది. నుదుటి మీద తెల్లచుక్క ఉందని మా బాబు చుక్కి అని పిలిచేవాడు. నాలుగు నెలల ఆడపిల్ల. బ్రూనోకి అప్పటికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యింది కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఒక మగ, ఒక ఆడ అయితే కలవడం తేలికని డాక్టర్ గారు కూడా అన్నారు.

ముందుగా అడిగినదానికి జవాబు చెప్తాను. ఊళలు ఆగలేదు. చుక్కి వచ్చాక పాత ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి వెళ్లాం. సాయంత్రం వింటే, మేం మెట్లు దిగిన పది నిమిషాలకే బ్రూనో మొదలుపెట్టాడు. పక్కనే పిల్ల ఉన్నా వాడికి పట్టలేదు. రెండు నెలలు తిరిగేసరికి చుక్కి కూడా నేర్చుకుని వంత పాడడం మొదలుపెట్టింది. ఒక ఊళకి రెండు ఊళలు! అప్పుడు డాక్టర్ గారు చెప్పిన మాట నాకు బాగా గుర్తు: "వాడు బెంగ పెట్టుకున్నది మీ మీద. ఆ బెంగని ఇంకో కుక్క తీర్చలేదు."

దాన్ని తగ్గించింది వేరే పని. తాళాలు చేతిలోకి తీసుకుని మళ్లీ కూర్చోవడం. చెప్పులేసుకుని బయటికెళ్లి ఒక్క నిమిషంలో వచ్చేయడం. తర్వాత మూడు నిమిషాలు, పది, అరగంట. వాడు కంగారుపడితే మళ్లీ వెనక్కి. దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మధ్యాహ్నం మావారు అన్నానికి ఇంటికొచ్చేవారు. ఇది చుక్కిని తేకముందే చేసి ఉండాల్సింది.

అలాగని చుక్కిని తెచ్చినందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు. కానీ తెచ్చే పద్ధతి ముఖ్యం. రెండు వారాలు దాన్ని కింద మోటారు గదిలో విడిగా ఉంచాం. వీధి కుక్కపిల్లలకి పార్వో అనే ప్రాణాంతకమైన విరేచనాల జబ్బు భయం ఎక్కువ, దాని వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది. పురుగుల మందు, టీకాలు మొదలయ్యాక కూడా నేరుగా ఇంట్లోకి తేలేదు. ఖాళీ స్థలం పక్క రోడ్డులో బ్రూనోని మావారు, చుక్కిని నేను బెల్టుతో పట్టుకుని, మధ్యలో దూరం ఉంచి ఒకే దిక్కుకి నడిచాం. మూడో రోజుకి వాసన చూసుకున్నారు. ఐదో రోజు బ్రూనో ముందుకాళ్లు చాపి, వెనక భాగం పైకెత్తి "ఆడుకుందాం రా" అన్నట్టు వంగాడు. అప్పుడు కలిసి మెట్లెక్కాం.

మేం చేసిన పెద్ద తప్పు తిండి దగ్గర. బ్రూనోకి గిన్నె నింపడం, ఖాళీ చేయడం తప్ప ఇంకేం తెలియదు. చుక్కి వీధిలో ఆకలి చూసిన పిల్ల. ఒక ఆదివారం రెండు గిన్నెల్లో పెరుగన్నం, ఉడికించిన చికెన్ కలిపి వంటింటి గుమ్మం దగ్గర పక్కపక్కనే పెట్టాను. చుక్కి తినడం ఆపి, తల గిన్నె మీదే ఉంచి కదలకుండా బిగుసుకుపోయింది. కళ్ల పక్క తెలుపు కనబడుతోంది. నేను దాన్ని గమనించలేదు. బ్రూనో తనది అయిపోయి అటు ముక్కు పెట్టాడు. మరుక్షణం వాడి చెవి కొసన రక్తం. కుక్క గుర్రుమనకముందే అలా బిగుసుకుపోతుందని, అదే దాని హెచ్చరిక అని ఆరోజు తెలిసింది. అప్పటినుంచి వాడికి హాల్లో, దానికి వెనక బాల్కనీలో, మధ్య తలుపు వేసి పెడతాం. పావుగంటకి గిన్నెలు తీసేస్తాం. మళ్లీ గొడవ జరగలేదు.

ఖర్చు సంగతి. ఒక్కడున్నప్పుడు నెలకి 3,500 దాకా అయ్యేది, ఇప్పుడు 6,000 దాటుతుంది. చుక్కి ఆపరేషన్, టీకాలు అందులో కలపలేదు. రెండో ఎండాకాలం బ్రూనోకి పిడుదుల జ్వరం వచ్చింది. తిండి మానేశాడు, చిగుళ్లు పాలిపోయాయి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. డాక్సీసైక్లిన్ అనే మందు 28 రోజులు వాడాం. పిడుదుల మాత్ర వాడికి నెలనెలా వేస్తూ, చుక్కికి రెండు నెలలు వాయిదా వేశాను. ఆ పొరపాటు నాదే. ఇప్పుడు ఇద్దరికీ ఒకే రోజు వేసి క్యాలెండర్‌లో రాస్తాను. ఊరి ప్రయాణాలు కూడా కష్టమయ్యాయి. తెనాలిలో మా అత్తగారు ఒకణ్ణి రానిచ్చేవారు. ఇద్దరంటే, "అమ్మాయ్, పెరట్లో అయితే సరే" అంటారు.

ఇక సంతోషం గురించి. బ్రూనో 38 కిలోల నుంచి 33కి వచ్చాడు. పొద్దున్నే డాబా మీద పాత టవల్ కోసం ఇద్దరూ లాగులాడుకోవడం చూస్తే వాడికి నాలుగేళ్లు వెనక్కి వెళ్లినట్టుంటుంది. దీపావళికి వాడు ఇప్పటికీ మంచం కిందే వణుకుతాడు, కానీ చుక్కి వెళ్లి ఆనుకుని పడుకుంటుంది. టపాసులంటే దానికి లెక్కలేదు. ఒకటి మాత్రం మేం మానలేదు: రోజూ ఒక నడక ఇద్దరికీ విడివిడిగా. ఆ ఇరవై నిమిషాలు బ్రూనో నావాడు, అంతే.

మీ కుక్క బాగా ముసలిదైతే, కాళ్లనొప్పులు ఉంటే, చెవులు పట్టుకు లాగే కుక్కపిల్లని దాని మీదికి తేకండి. దానికి విశ్రాంతి ఉండదు. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్ని ఒకేసారి పెంచాలన్నా నేను వద్దంటాను. వాటికి అవే లోకమైపోయి మన మాట మీద ధ్యాస పెట్టించడం చాలా కష్టమవుతుంది. తేల్చుకోలేకపోతే, వీధి కుక్కపిల్లల్ని కాపాడేవాళ్ల దగ్గర నుంచి ఒకదాన్ని రెండు మూడు వారాలు తాత్కాలికంగా ఉంచుకుని చూడండి. మీ పాతవాడు తింటున్నాడా, నిద్రపోతున్నాడా, దాన్ని చూసి పక్కకి తప్పుకుంటున్నాడా అన్నది ఆ వారాల్లోనే తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్లందరూ రెండో కుక్కని దాని కోసమే కావాలనుకుంటేనే తెచ్చుకోండి.

బ్రూనోకి ఇప్పుడు ఏడేళ్లు దాటాయి. ఈ మధ్య మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగిపోతున్నాడు. చుక్కి పైదాకా పరుగెత్తి, వాడు రాలేదని చూసుకుని, మళ్లీ దిగొచ్చి వాడు ఆగిన మెట్టు మీదే కూర్చుంటుంది. నిన్న సాయంత్రం కూడా అలాగే కూర్చుంది. కూరగాయల సంచి పక్కన పెట్టి నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను.