పర్లాకిమిడిలో ఒక ఇంగ్లీషు వ్యాకరణ తరగతి: 'గా' దగ్గర విడిన చిక్కు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మహేంద్రతనయ నది వైపు వెళ్లే దారిలో, ఒక మేడ మీద సాయంత్రం పూట నడిచే ఇంగ్లీషు వ్యాకరణ తరగతికి మా అమ్మాయిని ఈ వేసవిలో ఆరు వారాలు పంపించాను. తను తొమ్మిదో తరగతి చదువుతున్నది. బడిలో చదువంతా ఒడియాలో, ఇంట్లో మాటంతా తెలుగులో. రుసుము 1,200 రూపాయలు, వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర. సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం నుంచి వచ్చే పిల్లలు కూడా కొందరున్నారు. మొదటి వారం తల్లిదండ్రులు వెనుక బల్ల మీద కూర్చుని వినవచ్చునన్నారు. ఆ వారంతో ఆగుదామనుకున్నవాణ్ణి, మాస్టారిని అడిగి దాదాపు చివరిదాకా విన్నాను. అందుకు కారణం లింకింగ్ వెర్బుల (కర్తను, దాని గురించి చెప్పే పదంతో కలిపే క్రియల) తరువాత వచ్చే పదాలను గుర్తుపట్టే పాఠం. టెన్సులు, ఆర్టికల్స్ వంటివి ఎక్కడైనా చెప్పేటట్లే చెప్పారు కనుక వాటి జోలికి పోను.

సాధారణంగా ఈ పాఠం ఒక జాబితాతో మొదలవుతుంది. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ అని వరుసగా అప్పజెప్పించి, వాటి వెనుక సీమ్, బికమ్, లుక్, ఫీల్, టేస్ట్, స్మెల్, సౌండ్, రిమైన్ అనే మరో వరుస చేర్చి, ఇవన్నీ లింకింగ్ వెర్బులు, గుర్తుపెట్టుకోండి అంటారు. ఈ మాస్టారు మాత్రం బోర్డు మీద తెలుగులో రెండు వాక్యాలు రాశారు: 'ఆమె డాక్టరు', 'నేను డాక్టరుని'. వీటిలో క్రియ ఎక్కడుందో చూపించమన్నారు. ఎవరూ చూపించలేకపోయారు, ఎందుకంటే లేదు. మొదటి వాక్యంలో రెండు పేర్లను పక్కపక్కన పెడితే సరిపోయింది. రెండవదానిలో ఎవరి గురించి చెబుతున్నామో ఆ సంగతిని నామవాచకం చివరనున్న 'ని' మోసింది. నువ్వు డాక్టరువి, మేము డాక్టర్లం అన్నప్పుడూ అంతే. తెలుగు పదం తోకతో చేసే పనికి ఇంగ్లీషు ఒక క్రియను నియమించుకుంది, అదే లింకింగ్ వెర్బు, అని ఆయన చెప్పినప్పుడు, ముప్పై ఏళ్ల కిందట నేను బట్టీపట్టిన జాబితాకు మొదటిసారి ఒక అర్థం కనిపించింది.

ఆ తరువాత 'షి బికేమ్ ఎ డాక్టర్', 'షి మెట్ ఎ డాక్టర్' అనే వాక్యాలను పక్కపక్కన పెట్టారు. రెంటిలోనూ క్రియ తరువాత వచ్చిన మాట ఒకటే. అయితే మొదటిదానిలో ఉన్నది ఒక్క మనిషి, రెండవదానిలో ఇద్దరు. క్రియకు అటూ ఇటూ ఉన్నది ఒకే వ్యక్తి అయితే తరువాతి పదం కర్తను గురించి చెబుతున్నట్టు. దానిని సబ్జెక్ట్ కాంప్లిమెంట్ అంటారు, అది నామవాచకమైతే ప్రెడికేట్ నౌన్. వేరే వ్యక్తి అయితే అది ఆబ్జెక్ట్. పరీక్ష కావాలంటే వాక్యాన్ని తిరగేసి చూడమన్నారు: 'ఎ డాక్టర్ వాజ్ మెట్ బై హర్' అనవచ్చు, 'ఎ డాక్టర్ వాజ్ బికమ్ బై హర్' అని ఎవరూ అనరు. ఈ పేర్లను మూడో రోజు వరకు ఆయన నోటి వెంట రానీయకపోవడం నాకు నచ్చింది.

అసలు పాఠం విశేషణాల దగ్గర ఉంది. మా అమ్మాయి బడి నోట్సులో 'ది కర్రీ టేస్ట్స్ స్వీట్లీ' అనే వాక్యం మీద ఎర్ర గీత ఉంటుంది; ఎందుకు తప్పో మాత్రం ఎక్కడా ఉండదు. మాస్టారు ఆ తప్పు పుట్టిన చోటుకే తీసుకువెళ్లారు. 'బండి వేగంగా వెళ్లింది' అంటాము, 'కూర తియ్యగా ఉంది' అని కూడా అంటాము. మొదటి 'గా' వెళ్లిన తీరును చెబుతున్నది కనుక ఇంగ్లీషులో క్రియావిశేషణమవుతుంది. రెండవ 'గా' ఏ పని తీరునూ చెప్పడం లేదు, కూర గుణాన్ని చెబుతున్నది. ఇంగ్లీషులో అక్కడ విశేషణమే ఉండాలి, 'స్వీట్' అనే చెప్పాలి. తెలుగు పిల్లలు 'గా' కనబడిన చోటల్లా 'లీ' తగిలించుకుంటూ పోతారు, తప్పంతా అక్కడిదే. ఆ వెంటనే ఆయన ఒడియాలోకి మారి, ఇదే మాటను బడిలో మీ స్నేహితులతో ఎలా అంటారని అడిగారు. 'మిఠా లాగుఛి' అని తరగతంతా ఒక్కసారిగా అన్నది. అక్కడ 'మిఠా' ఏ తోకా లేకుండా నిలబడింది, 'లాగుఛి' ఇంగ్లీషు 'టేస్ట్స్' చేసే పనే చేస్తున్నది. ఇంటి భాష చిక్కుపెట్టిన ముడిని బడి భాషతో విప్పిన ఆ ఐదు నిమిషాలకే నేను కట్టిన రుసుము చెల్లిపోయిందనుకుంటాను. ఈ ప్రాంతపు గిరిజనులైన సవరల మాటను వారి నోటి నుంచే విని నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ ఒక మాస్టారు పిల్లల నోట ఉన్న మాట నుంచి వ్యాకరణం తీయడం నాకు ముచ్చటగా అనిపించింది.

ఒకే క్రియ రెండు వేషాలు వేసే సందర్భాలను కూడా ఓపికగా చూపించారు. 'హి లుక్డ్ యాంగ్రీ' అంటే కోపంగా కనిపించాడని, 'హి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మి' అంటే నా వైపు కోపంగా చూశాడని. 'హి గ్రూ టొమాటోస్' అన్నప్పుడు పండించాడు, 'హి గ్రూ ఓల్డ్' అన్నప్పుడు ముసలివాడయ్యాడు. అనుమానం వస్తే ఆ క్రియను తీసి 'వాజ్' పెట్టి చూడమన్నారు: 'హి వాజ్ ఓల్డ్' నిలుస్తుంది, 'హి వాజ్ టొమాటోస్' అనేసరికి పిల్లలు బల్లలు చరిచి నవ్వారు.

లోపాలన్నీ వారు విడిగా 80 రూపాయలకు అమ్మే అభ్యాస పుస్తకంలో ఉన్నాయి. అది మాస్టారు రాసినది కాదని పాఠం విన్న ఎవరికైనా తెలిసిపోతుంది. నలభై వాక్యాలలో ముప్పాతిక వంతు 'ఈజ్', 'ఆర్' ఉన్నవే. టేస్ట్, స్మెల్, టర్న్ వంటివి, అంటే పిల్లలు నిజంగా తడబడే చోట్లు, రెండు మూడు మించి లేవు. జవాబుల పేజీలో 'షి ఈజ్ సింగింగ్' అనే వాక్యంలోని 'సింగింగ్' కు ప్రెడికేట్ అడ్జెక్టివ్ (కర్త గుణాన్ని చెప్పే విశేషణం) అని రాశారు. అక్కడ 'ఈజ్' సహాయక క్రియ మాత్రమే, అసలు క్రియ 'సింగింగ్'. 'షి ఈజ్ ఇన్ ది గార్డెన్' లో తోటను ప్రెడికేట్ నౌన్ గా చూపించారు; ఆమె ఉన్నది తోటలో, ఆమె తోట కాదు. మాస్టారి పరీక్షతోనే మా అమ్మాయి ఈ రెండో తప్పును పట్టుకున్నది.

మాస్టారితో నాకు ఒక్క చోట అభిప్రాయభేదం ఉన్నది. 'ఇట్ ఈజ్ ఐ' అనేదే సరైనదని, 'ఇట్ ఈజ్ మి' తప్పని ఆయన ఖండితంగా చెప్పారు. పాత వ్యాకరణాల లెక్క అదే కావచ్చు, కానీ ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్నవారు తలుపు తట్టి 'ఇట్స్ మి' అనే అంటారు. రాతలో ఒకటి, మాటలో ఒకటి అని చెప్పి ఉంటే సరిపోయేది.

వేగంగా మాట్లాడడం నేర్చుకోవాలనుకునేవారికి ఈ తరగతి పనికిరాదు; ఇక్కడ మాట్లాడించేది తక్కువ. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే, ఇంట్లో తెలుగూ బడిలో ఒడియా ఉన్న పిల్లలకు బాగా పనికివస్తుంది. ఒకే గదిలో ముప్పైమందిని కూర్చోబెడుతున్నారు కనుక ముందు బల్ల దొరికేటట్లు పావుగంట ముందు పంపండి. అభ్యాస పుస్తకం కొన్నా, జవాబుల పేజీని మాస్టారి చేత దిద్దించిన తరువాతే పిల్లల చేతికి ఇవ్వండి.