నడక పరీక్ష, పాదం అచ్చుతో చేసిన ఇన్‌సోల్: మూడేళ్ల వాడకం తర్వాత

షుగరుతో అరికాలికి స్పర్శ పోయినవాళ్లకి పుండు మానడం ఒక ఎత్తు, మళ్లీ రాకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. మానినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఏడాదిలోపే తిరగబెడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. నాకు కుడి బొటనవేలి మొదట్లో, అదే చోట, మళ్లీ వచ్చింది. విజయనగరంలో కట్లు కట్టించుకుంటూనే ఉన్నాను, షుగరూ అదుపులోనే ఉంది. ఎందుకొస్తోందో విశాఖలో నడక పరీక్ష చేయించుకున్నాకే తెలిసింది.

పాదం ఒత్తిడి కొలిచే సెన్సర్లున్న పలక మీద మామూలుగా నడవమన్నారు. తెర మీద పాదమంతా నీలం, పచ్చ. పుండు వచ్చిన చోట మాత్రం ఎర్రటి మచ్చ. చీలమండ బిగుసుకుపోయి మడమ ముందే లేచిపోతోందట, బరువంతా ముందుపాదం మీద పడుతోంది. పైన ఆనెకాయ కడుతుంది, దాని కింద కండ నలుగుతుంది. నొప్పి తెలియదు కాబట్టి కుంటను, కుంటను కాబట్టి అక్కడే తొక్కుతాను.

అచ్చు తీసి చేసిన ఇన్‌సోల్‌లో, అంటే చెప్పు లోపలి మెత్తలో, ఆ మచ్చ చోట గుంటలా తీసి, దాని వెనక కాస్త ఎత్తు పెట్టారు. చెప్పు అడుగు ముందువైపు పడవలా పైకి వంగి ఉంటుంది. తొడిగాక లోపలి ఒత్తిడి మళ్లీ కొలిచారు. ఈ కొలత తప్పకుండా అడగండి. ఆ చోట ఒత్తిడి 200 కిలోపాస్కల్స్ లోపుకి రావాలి, లేదంటే పాత చెప్పులతో పోలిస్తే కనీసం 30 శాతం తగ్గాలి. నాకు మొదట తగ్గలేదు, అక్కడే చెక్కి సరిచేశారు.

అసలు చిక్కు ఇంట్లోనే. మనం చెప్పులు గడప దగ్గరే విడుస్తాం, రోజులో ఎక్కువ అడుగులు వేసేది మాత్రం లోపలే. అందుకే ఇంటికి వేరే జత చేయించుకున్నాను. "ఏటి మాస్టారూ, ఇంట్లో చెప్పులేటి?" అని పక్కింటాయన అడిగితే కాలు చూపించాను, మళ్లీ అడగలేదు. సిరిమానోత్సవం నాడు కూడా చెప్పులతోనే దూరం నుంచి పైడితల్లమ్మకి దండం పెట్టుకుంటున్నాను.

లోపాలున్నాయి. ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువే. వానాకాలం తడిస్తే ఓ పట్టాన ఆరవు. ఇన్‌సోల్ ఏడాది తిరక్కుండానే అణిగిపోతుంది. బొటనవేలి చోట వేలితో నొక్కితే తిరిగి లేవకపోతే మార్చేయాలి. ఆనెకాయ ఇప్పటికీ కడుతుంది, ఆసుపత్రిలోనే తీయించుకుంటాను, ఇంట్లో బ్లేడు పెట్టను. రోజూ రాత్రి మా ఆవిడ రెండు పాదాలూ తడిమి, ఒకటి వేడిగా ఉందేమో చూస్తుంది.

పుండు మాత్రం మళ్లీ రాలేదు. చేయించుకునేవాళ్లు కొలతలు సాయంత్రం ఇవ్వండి, అప్పటికి పాదాలు కాస్త వాచి ఉంటాయి.